మా రోలు మాట్లాడింది!

"అమా, మా కాలేజీలో హ్యాకథాన్ పెడుతున్నారు. నేను పేరిచ్చాను" అని మా అమ్మాయి ఫోనులో చెప్పగానే నా గుండె ఒక్కసారి గుభేలుమంది. హ్యాకింగ్ అంటే ఎవరి బ్యాంకు ఖాతాలోంచో డబ్బులు కొట్టేయడమని పేపర్లో చదివిన జ్ఞాపకం. ఇంజనీరింగ్ మూడో సంవత్సరానికొచ్చి ఇదేం పాడుబుద్ధి పిల్లకి అనుకున్నాను. మా అత్తయ్యయితే ఇంకో అడుగు ముందుకేసి, "ఏందిమే, మన పాప దొంగతనం నేర్చుకుంటాందా?" అని అడిగేసింది.

నవ్వకండి. మీలో కూడా చాలామందికి ఈ మాట కొత్తే అయివుంటుంది. పిల్లలు ఇంజనీరింగ్ చదివే ఇళ్ళలో ఈరోజు కాకపోతే రేపైనా వినబడుతుంది. అందుకే నాకు తెలిసిందేమిటో, తెలుసుకోవడానికి నేను పడిన తిప్పలేమిటో మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

హ్యాకథాన్ అంటే దొంగతనం కాదు. హ్యాక్ అంటే కంప్యూటరు వాళ్ళ భాషలో తెలివిగా ఒక చిక్కుముడి విప్పడమట. మారథాన్ అంటే దూరపు పరుగుపందెం కదా. ఆ రెండూ కలిపి, ఆగకుండా గంటల తరబడి కూర్చుని ఒక సమస్యకు పరిష్కారం తయారుచేసే పోటీకి ఆ పేరు పెట్టారు. 1999లో కెనడాలోని కాల్గరీలో కొంతమంది ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒకచోట చేరి పనిచేసినప్పుడు ఈ మాట వాడుకలోకి వచ్చింది. మన దేశంలో 2017 నుంచి కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అని పెద్ద ఎత్తున నడుపుతోంది. మంత్రిత్వ శాఖలు తమ సమస్యలు ఇస్తాయి, కాలేజీ పిల్లలు జట్లుగా చేరి పరిష్కారాలు చేస్తారు. ముందు కాలేజీలో పోటీ, అందులో నెగ్గినవాళ్ళ పేర్లు ఢిల్లీకి, వాళ్ళు వడపోసి పిలిస్తే 36 గంటల ఆఖరి పోటీ. 2024లో ఇచ్చిన సమస్యల్లో మ్యూజియానికి సంబంధించింది కూడా ఒకటి ఉంది. టికెట్ల కోసం జనం వరసలో నిలబడకుండా, ఫోనులో మాట్లాడినట్టే అడిగితే టికెట్టు ఇచ్చే ఏర్పాటు చెయ్యమని సాంస్కృతిక శాఖ కింది సైన్సు మ్యూజియాల సంస్థ అడిగింది.

మా అమ్మాయి ఆ టికెట్టు సమస్య తీసుకోలేదు. "టికెట్టు కొనేదాకా కాదు, కొనుక్కుని లోపలికి పోయినాక ఏంది అనేది మా సమస్య" అంది. పిల్లలు సొంతంగా ఎంచుకున్న విషయం మీద కూడా చేయొచ్చని ఆ పోటీలో వెసులుబాటు ఉంది. మ్యూజియంలో వస్తువు దగ్గరికి వెళ్ళి నిలబడగానే మన ఫోనులోంచి ఆ వస్తువు కథ దానంతటదే వినబడాలి, అదీ మన తెలుగులో. ఇదీ వాళ్ళు పెట్టుకున్న పని.

పేరుకి ఒక అమ్మాయి

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ పోటీలో జట్టుకు ఆరుగురుండాలి. ఆరుగురిలో కనీసం ఒక అమ్మాయి ఉండి తీరాలని నియమం. మంచి నియమమే. కానీ ఏమైందో చూడండి. మా అమ్మాయి క్లాసులో ఐదుగురు అబ్బాయిలు చేరి, "నువ్వు పేరిస్తే చాలు, పనంతా మేం చూసుకుంటాం. కావాలంటే చివర్లో స్టేజీ మీద చదువుదువుగాని" అన్నారట. అంటే విస్తరి చివర వేసే ఉప్పులాగ అన్నమాట. ఉండాలి కాబట్టి ఉండాలి, అంతే.

ఆ రోజు రాత్రి ఫోనులో పిల్ల ఏడ్చింది. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, రోజూ కలిసి చదువుకునే పిల్లలే. అదే ఎక్కువ బాధ. నేనేం చెప్పగలను? నేను చదివింది ఇంటరు. పెళ్ళయ్యాక పుస్తకం ముట్టింది వారపత్రిక కోసమే. "నీకు పని చేయాలనుంటే పని చేసేవాళ్ళనే వెతుక్కోమ్మా" అని మాత్రం అన్నాను. వారం తిరిగేసరికి నలుగురు ఆడపిల్లలు, ఇద్దరు మొగపిల్లలు కలిసి వేరే జట్టు కట్టారు. అందులో ఒక పిల్లవాడు ఆ ఐదుగురిలో వాడే, వాళ్ళను వదిలి వచ్చేశాడట.

ఇక మా ఆయన సంగతి. కాలేజీ పోటీ ఒక పగలూ ఒక రాత్రీ కాలేజీలోనే అని తెలిసేసరికి "ఆడపిల్లలు రాత్రంతా అక్కడేంది?" అని మొదలుపెట్టారు. ఇలాంటప్పుడు మన ఇళ్ళలో ఏమవుతుందో మీకు చెప్పాలా? వాదన, ఏడుపు, ఆఖరికి పిల్ల మానుకోవడం. నేను వాదించలేదు. వాళ్ళ లేడీ లెక్చరరు నంబరు తీసుకుని నేనే ఫోను చేశాను. అమ్మాయిలు నిద్రపోవడానికి గది ఎక్కడ, రాత్రి ఎవరు ఉంటారు, బాత్రూములు ఆ అంతస్తులోనే ఉన్నాయా, పొద్దున్నే బస్సు ఉందా అని నాలుగు మాటలు అడిగాను. ఆవిడ విసుక్కోకుండా అన్నీ చెప్పింది. కాగితం మీద రాసి మా ఆయన భోజనం పళ్ళెం పక్కన పెట్టాను. "సరే, పోనీ" అన్నారు. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తే ముందు ఫోను చేసి అడగండి. సగం భయం వివరం తెలియక వచ్చేదే.

దీపస్తంభం కథ

2024 వినాయక చవితికి జట్టులో నలుగురు అమ్మాయిలూ మా ఊరు వచ్చారు. మాది కృష్ణపట్నం. నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా రావాలి. ఇప్పుడు మా ఊరంటే అందరూ పోర్టు అంటారు, కరెంటు ఫ్యాక్టరీ అంటారు. మా అత్తయ్యకు మాత్రం ఇప్పటికీ మా ఊరంటే ఉప్పుటేరూ, ఉప్పుమళ్ళూ, సముద్రమూనే.

పిల్లలు ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో గోళీసోడా మూతంత ప్లాస్టిక్ బిళ్ళలు కొన్ని, చాక్లెట్టు ముక్కంత ఎలక్ట్రానిక్ బోర్డులు కొన్ని. బిళ్ళల లోపల గడియారంలో వేసేలాంటి గుండ్రటి బ్యాటరీ. వాటిని బీకన్లంటారట. "దీనికి వైరు లేదు, ఫోనుకీ వైరు లేదు, మరి ఇది చెప్పేది దానికెట్లా తెలుస్తుంది?" అన్నాను. మా అమ్మాయి చిటికెలో అర్థమయ్యేలా చెప్పింది.

"అమా, మన ఊరి దీపస్తంభం రాత్రిళ్ళు ఏం చేస్తుంది? వెలిగి ఆరి వెలిగి ఆరి 'నేనిక్కడున్నా' అంటుంది. ఏ పడవ చూసిందో దానికి తెలీదు. చూసిన పడవవాడు వెలుగు లెక్క పట్టుకుని, ఇది ఫలానా రేవు అని తెలుసుకుంటాడు. ఇదీ అంతే. సెకనుకు కొన్నిసార్లు తన నంబరు చెప్పుకుంటుంది. ఫోను వింటుంది. గట్టిగా వినబడితే దగ్గరున్నట్టు, సన్నగా వినబడితే దూరమున్నట్టు. ఆ నంబరుకు ఏ కథ రాసివుందో అది వినిపిస్తుంది."

బీకన్ అంటే ఇంగ్లీషులో దారి చూపే దీపమనే అర్థమట. దీపస్తంభం వెలుగుతో చెబుతుంది, ఇది బ్లూటూత్ అనే రేడియో అలలతో చెబుతుంది. ఆ బ్లూటూత్ పేరు కూడా తమాషాయే. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ అనే రాజుకు నీలిపన్ను అని మారుపేరు, అదే దీనికి పెట్టారు. మన వాళ్ళు పెట్టివుంటే ఏం పెట్టేవారో!

మ్యూజియంలో వైరు లేకుండా చెవిలో మాట్లాడించడం కొత్త ఆలోచనేమీ కాదు. 1952లోనే హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్‌లో స్టెడెలిక్ మ్యూజియం వాళ్ళు చేశారు. గది చుట్టూ తీగ చుట్టి, రేడియోలాగ ప్రసారం చేసేవారు. చూడటానికి వచ్చినవాళ్ళు చిన్న రేడియో పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. అయితే ఒక చిక్కు. అందరికీ ఒకేసారి ఒకే మాట వినబడుతుంది. కాబట్టి మేకలమందలా అందరూ కలిసి ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు కదలాల్సిందే. ఎవరైనా ఒక బొమ్మ దగ్గర ఇంకో నిమిషం ఆగుదామనుకుంటే కుదరదు. ఈ బీకన్లతో ఆ బాధ లేదు. ఎవరి దారి వాళ్ళది, ఎవరి కథ వాళ్ళది.

మా ఇల్లే మ్యూజియం

మ్యూజియానికి పోయి పరీక్షించాలంటే అనుమతులు కావాలి, టైము లేదు. అందుకని మా ఇంట్లోనే పరీక్ష పెట్టారు. రోలుకు ఒక బిళ్ళ, తిరగలికి ఒకటి, ఆవకాయ జాడీకి ఒకటి, అటక మీది ఇత్తడి బిందెకు ఒకటి, మా మామగారు ఉప్పుమళ్ళలో వాడిన కొయ్య పారకు ఒకటి. అతికించి, ఫోను నా చేతికిచ్చి, "ఆంటీ, మీరు మ్యూజియం చూడటానికి వచ్చారనుకోండి" అన్నారు.

నేను ఫోను తీసుకుని ఏం చేశానో తెలుసా? చేతిసంచీలో పడేసి, నోరు కట్టేశాను. మ్యూజియానికి పోతే నేను చేసేది అదే కదా! ఒక చేత్తో పిల్లవాడిని పట్టుకోవాలి, ఇంకో చేత్తో నీళ్ళ సీసా, కొంగు జారకుండా చూసుకోవాలి. వాళ్ళ ఏర్పాటేమో ప్రతి వస్తువు దగ్గరా ఫోను తీసి, తెర తెరిచి, 'వినండి' అనే బొమ్మ మీద నొక్కమంటుంది. నలుగురు పిల్లలూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఫోను చేతిలో పట్టుకుని తిరిగే కాలేజీ పిల్లల్నే మనసులో పెట్టుకుని తయారుచేశామని వాళ్ళకప్పుడు తట్టింది. ఆ రాత్రే మార్చేశారు. ఫోను సంచీలో ఉన్నా సరే, వస్తువు దగ్గర కొద్దిసేపు నిలబడితే కథ దానంతటదే మొదలవుతుంది, కదిలిపోతే ఆగుతుంది.

రెండో పరీక్ష ఇంకా తమాషా. రోలు ముందు నిలబడితే ఆవకాయ జాడీ మాట్లాడింది! జాడీ దగ్గరికి పోతే అసలేమీ మాట్లాడలేదు. మా వంటింటి నిండా స్టీలు గిన్నెలు, డబ్బాలే కదా. రేడియో అలలు లోహానికి తగిలి అద్దం మీది ఎండలా పక్కకు మళ్ళుతాయట. పైగా అటూ ఇటూ ఐదారుగురు మనుషులం నిలబడ్డాం. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళేనాయె, ఆ నీళ్ళు ఈ అలల్ని పీల్చేసుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్లో నీళ్ళున్న కూర వేడెక్కేదీ అందుకే. ఓవెన్ అలలూ బ్లూటూత్ అలలూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లోవేనట. అయ్యో, మరి ఇది ప్రమాదం కాదా అని కంగారుపడకండి, నేనూ పడ్డాను. ఓవెన్‌ది వందల వాట్ల బలం, ఈ బిళ్ళది వాటులో వెయ్యోవంతు లెక్కలో ఉంటుంది. గాడిపొయ్యికీ అగరొత్తికీ ఉన్నంత తేడా కూడా చాలదు.

అలా మా వంటింటి గిన్నెలు వాళ్ళకు పాఠం చెప్పాయి. సెలవురోజు మ్యూజియంలో జనం కిక్కిరిసి ఉంటారు, అద్దాల పెట్టెలకు ఇనుప చట్రాలుంటాయి. కాలేజీ ల్యాబులో ఖాళీ బల్ల మీద చక్కగా పనిచేసింది అక్కడ పనిచేయదు. బిళ్ళను వస్తువు వెనక కాకుండా తలల పైన ఎత్తులో పెట్టాలనీ, ఒక్కసారి వినబడిన బలం నమ్మకుండా కొన్ని సెకన్ల సగటు తీయాలనీ నిర్ణయించుకున్నారు. ఇంతా చేసి దగ్గర దగ్గరగా ఉన్న చిన్న వస్తువులకు మాత్రం ఇది పనికిరాదని ఒప్పుకున్నారు. వాటికి మెట్రో రైలు కార్డులాగ ఫోను ఆనిస్తే పలికే చీటీ నయం. లేకపోతే గళ్ళగళ్ళ క్యూఆర్ కోడ్ ఉండనే ఉంది. కూరగాయల బండి మీద కూడా కనిపించే ఆ గళ్ళ బొమ్మ 1994లో జపాన్‌లో కారు విడిభాగాలు లెక్కపెట్టుకోవడానికి పుట్టిందట. దానికి కరెంటూ అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. అన్నిటికంటే చవక. "మరి ఈ గళ్ళ బొమ్మే అన్నిటికీ పెడితే పోలా?" అన్నాను. "ఫోను బయటికి తీసి, వంగి, కెమెరా పెట్టాలి కదా ఆంటీ, మీరే వద్దన్నారు!" అని నా మాట నాకే అప్పజెప్పారు.

ఎవరితో మాట్లాడుతున్నట్టు?

ఇన్ని బాగుచేసినా కథ వినబోతే నాకు నిద్రొచ్చింది. రోలు గురించి ఒకమ్మాయి వార్తలు చదివినట్టు చదివింది. "గ్రానైటు శిలతో నిర్మితమైన ఈ గృహోపకరణము ప్రాచీన కాలము నుండి..." మూడు నిమిషాలు! కాళ్ళు పీక్కుపోయాయి. "ఇది నాతో మాట్లాడుతున్నట్టు లేదమ్మా, పరీక్ష పేపరు దిద్దే ఆయనతో మాట్లాడుతున్నట్టుంది" అన్నాను.

మీకొక సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట మేమంతా ఒక పెద్ద పట్నంలో ఒక మ్యూజియానికి వెళ్ళాం. ఏ ఊరో, ఏ మ్యూజియమో ఇప్పుడెందుకులెండి. ఒక అద్దాల పెట్టెలో మట్టికుండ ఉంది, పక్కన పగిలిన చట్టి. అచ్చం మా అమ్మ పులుసు కాచే చట్టిలాగే ఉంది. కింద చీటీ మీద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. "అమా, ఇదేంది? ఎప్పటిది?" అని అడిగింది. నేను వంగి చదవబోయాను. కళ్ళజోడు లేదు, ఉన్నా ఆ మాటలు నాకు తెలియవు. "కుండ" అన్నాను. "కుండని నాకూ తెలుసు" అంది పిల్ల. వెనక జనం తోసుకొస్తున్నారు, ముందుకు నడిచాం. జీవితమంతా కుండతో, చట్టితో బతికినదాన్ని, కుండ ముందు నిలబడి పిల్లకు జవాబు చెప్పలేకపోయాను. ఆ చిన్నతనం నాకు ఇన్నేళ్ళూ గుర్తుంది. పిల్లకూ గుర్తుందని ఆ రోజు రోలు దగ్గర కూర్చున్నప్పుడు తెలిసింది. "అందుకేనమ్మా ఈ టాపిక్ తీసుకున్నా" అంది.

అన్నిచోట్లా అట్లాగే ఉంటుందని కాదు. కొత్త పెళ్ళికూతురుగా హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినప్పటి ఆనందం నేను మరిచిపోలేదు. 1951లో నెహ్రూగారు ప్రారంభించిన మ్యూజియం అది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. అందులో ఒక సంగీత గడియారం ఉంది. గంట కొట్టే వేళకు గడియారంలోంచి చిన్న బొమ్మ మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతాడు. దాని ముందు వందలమంది కూర్చుని ఎదురుచూస్తారు. ఏ చీటీ చదవక్కర్లేదు, ఏ భాషా రానక్కర్లేదు. ముసలివాళ్ళూ చంటిపిల్లలూ కలిసి చప్పట్లు కొడతారు. అదే మ్యూజియంలో ముందునుంచి చూస్తే మగ బొమ్మ, వెనక అద్దంలో చూస్తే ఆడ బొమ్మ కనబడే కొయ్య శిల్పం కూడా ఉంది. దాన్ని చూడాలంటే మనమే కదలాలి, తొంగిచూడాలి. ఫోన్లు లేని రోజుల్లోనే ఆ వస్తువులు మనతో ఆడుకున్నాయి. పిల్లలకు ఈ సంగతి చెబితే రాసుకున్నారు.

విజయవాడలో బాపు మ్యూజియం కూడా అలాంటి ప్రయత్నమే. విక్టోరియా రాణి పేరుమీద 1887లో పునాది వేసుకున్న పాత భవనం అది. 1921లో విజయవాడలో కాంగ్రెసు సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా చూపించింది ఆ రోజుల్లోనే. ఆ భవనాన్ని బాగుచేసి, డిజిటల్ తెరలు పెట్టి 2020లో మళ్ళీ తెరిచారు. ఫ్రాన్సులోనయితే మ్యూజియం వాళ్ళే పోటీ పెట్టించుకుంటారట. మ్యూజియోమిక్స్ అని 2011లో ప్యారిస్‌లో మొదలైంది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు, బొమ్మలు గీసేవాళ్ళు, వడ్రంగం తెలిసినవాళ్ళు, చరిత్ర చదివినవాళ్ళు మూడు రోజులు మ్యూజియంలోనే మకాం వేసి, కొత్త కొత్త ఏర్పాట్లు చేసి, చివరి రోజు వాటిని మామూలు జనం చేతికిచ్చి చూస్తారట. నాకందులో నచ్చింది ఆ చివరి ముక్క.

సరే, మా రోలు దగ్గరికి వద్దాం. పిల్లలు చదివిన కథ వినలేక మా అత్తయ్య మంచం మీదనుంచి లేచి వచ్చింది. "రోలు కథ మీకేం తెలుసే? ఇది నా పెళ్ళికి మా నాయిన ఎడ్లబండి మీద ఏసి పంపినాడు. దార్లో బురదలో దిగబడితే బండి దించి, ముందు రోలును దొర్లించి, తర్వాత నన్ను దించినారు. రోలు మీదుండే మర్యాద నామీద లేదు" అంది. పిల్లలు పడీపడీ నవ్వారు. నవ్వుతూనే ఒకమ్మాయి ఫోనులో రికార్డు చేసేసింది. ముప్పై, నలభై సెకన్లు, అంతే. దాంట్లో రాయి గురించి లేదు, శిల గురించి లేదు. కానీ విన్నవాళ్ళెవరూ ఆ రోలును మామూలు రోలుగా చూడలేరు.

కొయ్య పార గురించి ఇంకా బాగా చెప్పింది. ఎండాకాలంలో ఏటి నీళ్ళు మళ్ళలోకి పెట్టి, ఎండి తెల్లగా పేరుకున్నాక ఈ పారతో ఒకచోటికి లాగడం, ఈశాన్య వానలు మొదలయ్యేలోగా కొటారుకు చేర్చడం, పాదాలు పగిలి ఉప్పు మంట పుట్టడం, రాత్రికి ఆముదం రాసుకోవడం. "ఇప్పుడు ఉప్పు ప్యాకెట్టులో వస్తాంది. కొనే ఆయమ్మకు పాదం కనపడదు" అంది. ఆ మాట దగ్గర ఎవరూ నవ్వలేదు.

అప్పటినుంచి వాళ్ళ పద్ధతి మారిపోయింది. కథ రాయడం మానేసి కథ అడగడం మొదలుపెట్టారు. మా వీధిలో ఆడవాళ్ళను పదకొండు మందిని పిలిచి ఇల్లు చూపించి, ఫోను ఇచ్చి, ఏం అర్థమైందో అడిగారు. ఒకావిడకు ఫోనే లేదు, ఇంట్లో ఉన్న ఒక్కటీ ఆయన పనికి తీసుకుపోతాడు. కాబట్టి గేటు దగ్గర అద్దెకో, ఊరికేనో ఇచ్చే చిన్న పరికరం కూడా ఉండాలని రాసుకున్నారు. ఒకావిడ ఫోనులో నెట్ అయిపోయింది. కాబట్టి కథలన్నీ టికెట్టు దగ్గరే వైఫై మీద ఒక్కసారిగా ఫోనులోకి వచ్చేయాలి, లోపల నెట్ అవసరం ఉండకూడదు. ఇంకొకావిడ చెవిలో పెట్టుకునే బొత్తాం జారి ఆవకాయ జాడీ పక్కన పడింది. జాడీలో పడలేదు, అదృష్టం!

మా ఊరి గురించి కూడా పాప ఏదో వెతికింది. నెల్లూరు జిల్లా శాసనాలన్నీ బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చువేశారట. ఆ పాతకాలపు శాసనాల్లో మా ఊరు కొల్లితురై అనీ, గండగోపాలపట్టణమనీ కనిపిస్తుందట. తెలుగు చోడుల కాలంలోనే ఇది ఓడలొచ్చే రేవు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో కాపురం చేస్తున్నా, నాకా పేరు తెలియదు. మా అత్తయ్యకూ తెలియదు. "గండగోపాలుడెవరే, మన పక్కీధోళ్ళా?" అంది.

పోటీ రోజు

కాలేజీ పోటీకి వెళ్ళేముందు పిల్లలకు కట్టిచ్చినవి కూడా చెబుతాను, పనికొస్తాయి. రాత్రంతా మెలకువగా ఉండేవాళ్ళకు నూనె సరుకు ఎక్కువ పెట్టకండి, నిద్ర ముంచుకొస్తుంది. చింతపండు పులిహోర, కారప్పొడి చల్లిన ఇడ్లీలు, వేరుశనగ ఉండలు, నిమ్మకాయ షోడాకు బదులు ఉప్పు వేసిన మజ్జిగ. పులిహోరకు పులుసు బాగా దగ్గరపడేదాకా ఉడికించి, అన్నం పూర్తిగా చల్లారాకే కలపండి, మర్నాటికి కూడా కమ్మగా ఉంటుంది. బొమ్మిడాయిల పులుసు అడిగారు గానీ ల్యాబులో ఆ వాసనకు జడ్జీలు లేచిపోతారని నేనే వద్దన్నాను.

తెల్లవారుజామున మూడింటికి ఒక బోర్డు పనిచేయడం మానేసిందట. ఆ ఇద్దరు అబ్బాయిలూ మా అమ్మాయీ కలిసి వైర్లు ఊడదీసి మళ్ళీ కలిపారు. పొద్దున జడ్జీలు వచ్చి చూసి, "దీన్ని ఎవరి మీద పరీక్షించారు?" అని అడిగారట. మిగతా జట్లు మా ఫ్రెండ్స్ మీద అన్నారు. మా అమ్మాయి, "మా అమ్మ మీద, మా అవ్వ మీద, మా వీధిలో పదకొండు మంది మీద" అని చెప్పి, ఎవరికి ఎక్కడ తప్పిందో రాసిన కాగితం ముందు పెట్టింది. ఒక జడ్జీగారు నవ్వారట. ఇంకొకాయన ఆ కాగితం మొత్తం చదివారట. కాలేజీ నుంచి ఢిల్లీకి పంపిన జాబితాలో వీళ్ళ జట్టు పేరు వచ్చింది. అక్కడి వడపోతలో మాత్రం ఆగిపోయింది, ఆఖరి 36 గంటల పోటీకి పిలుపు రాలేదు. రెండు రోజులు పిల్ల ముభావంగా ఉంది. పేరిస్తే చాలన్న ఆ అబ్బాయిలు ఇంకో అమ్మాయిని చేర్చుకున్నారు గానీ వాళ్ళదీ పోలేదు. మా అమ్మాయి దానికి సంతోషపడలేదు, నేను కాస్త పడ్డాను. నిజం చెప్పాలి కదా.

బిళ్ళలు మాత్రం మా ఇంట్లోనే ఉన్నాయి. బ్యాటరీ ఇంకా అయిపోలేదు. మా అత్తయ్య అటు పోతే, దగ్గర్లో పాప పాత ఫోను ఉంటే, రోలు తన గొంతుతోనే పలుకుతుంది. ఆవిడ ఆగి, "అబద్ధం, రోలును దొర్లించలా, నలుగురు మోసినారు" అని దానితో వాదన వేసుకుంటుంది. ఏది నిజమో ఇప్పుడు మాకెవరికీ తెలియదు.

ఈసారి మీరు మ్యూజియానికి వెళితే కళ్ళజోడు మరిచిపోకండి. చెవిలో పెట్టుకునే వైరు ఇంటినుంచే పట్టుకెళ్ళండి. ఆ మ్యూజియానికి ఫోను యాప్ ఉందేమో ముందురోజే ఇంట్లో చూసి దింపుకోండి. టికెట్టు కౌంటరులో తెలుగులో వినే పరికరం ఉందా అని నోరు తెరిచి అడగండి. బయటికొచ్చేటప్పుడు అభిప్రాయాల పుస్తకం ఉంటుంది, చాలామంది బాగుంది అని రాసి సంతకం పెట్టేస్తారు. మీకు ఏ వస్తువు దగ్గర ఏమి అర్థం కాలేదో అది రాయండి.

నిన్న రాత్రి మళ్ళీ ఫోను వచ్చింది. పిల్లలు మళ్ళీ జట్టు కడుతున్నారట. వచ్చే ఆదివారం వస్తున్నాం, అవ్వ చేత కొయ్య పార కథ మళ్ళీ చెప్పించాలి, పాతదాంట్లో మధ్యలో కుక్కర్ విజిల్ వచ్చింది అంది. ఆ రోజు కుక్కరు పెట్టనని మాటిచ్చాను. బొమ్మిడాయిలు దొరుకుతాయేమో రేపు పొద్దున్నే కనుక్కోవాలి.